నేరం వంకాయది

2093 నాటికి కాకినాడలో నడిచే మనిషి కనిపిస్తే జనం జాలిపడేవారు. పాపం, కుర్చీ పాడైందేమో అనుకునేవారు. వీధి చివర కాఫీకి కూడా చక్రాల కుర్చీయే మోసుకుపోయేది. ఇక మోకాళ్లు నొప్పంటే ఎవరిని తిట్టాలి? వంకాయని తిట్టేవారు. అది వాతం చేస్తుందట!

ఈ మూర్ఖత్వాన్ని భరించలేకే డాక్టర్ కుముదవల్లి కీలుదూతను కనిపెట్టింది. నువ్వుగింజంత సెన్సర్. సూదితో కీలు లోపలికి ఎక్కిస్తే సైనోవియల్ ఫ్లూయిడ్‌ని, అంటే ఎముకల మధ్య కందెనలా ఉండే కీలుద్రవాన్ని, క్షణంలో పరీక్షించి నొప్పికి అసలు కారణమూ చికిత్సా బల్ల మీది స్పీకర్లో చెప్పేస్తుంది. అబద్ధం చెప్పడం ఆవిడ దానికి నేర్పలేదు.

"వంకాయ మానేసి ఆరేళ్లయిందండీ, అయినా తగ్గట్లేదు," అన్నాడు ఓ పొద్దున ఆవిడ క్లినిక్‌కొచ్చిన మాజీ కార్పొరేటర్ సత్తిబాబు, కుర్చీ దిగకుండానే.

"ఎముకల చివర మెత్తగా ఉండే మృదులాస్థికి రక్తనాళాలుండవు," అంది కీలుదూత. "మీరు కదిలితేనే కీలుద్రవం దానికి ఆహారం అందిస్తుంది. మీరు కదలరు. తొడ కండరాలు కరిగిపోయాయి. బరువు తగ్గండి. కొద్దికొద్దిగా మొదలుపెట్టి రోజూ నడవండి."

"ఇదేంటండీ, నన్ను బద్ధకస్తుణ్ణంటది? పాడైపోయినట్టుందండి."

"పాడైంది అది కాదు," అంది కుముదవల్లి, అతని పొట్టకేసి చూస్తూ.

ఊరినిండా సత్తిబాబులే. ఫిర్యాదులు గుట్టపడ్డాయి. మర్నాడు లైసెన్సు కమిటీ రాబోతోంది.

ఆవిడ దగ్గర పనిచేసే ఇంజనీరు దైవసహాయం నసిగాడు. "ఊరట మోడ్ తయారుచేసి ఉంచానండి. రోగికి ఏ కారణం నచ్చుతుందో అదే చెబుతుంది. అది పెట్టకపోతే మన క్లినిక్ మూసేస్తారటండి."

"నేనుండగా ఆ ముచ్చట తీరదు. నిజం వినలేని వెధవలకి నొప్పే సరైన మందు. రేపు కమిటీ ముందు నా మీదే ప్రయోగించి చూపిస్తాను. నిజాన్ని ఎలా వినాలో ఆ దద్దమ్మలు నేర్చుకుంటారు."

కొన్నాళ్లుగా పొద్దున లేవగానే ఆవిడ వేళ్లు బిగుసుకుపోతున్నాయి. ఏసీ చలికి అనుకుని పట్టించుకోలేదు. ముందే ఓసారి సరిచూసుకుంటే మంచిదని ఆ సాయంత్రం దైవసహాయం చేత వేలి కణుపులోకి సెన్సర్ ఎక్కించుకుంది.

"ఇది చలి కాదు, అరుగుదలా కాదు," అంది కీలుదూత. "రుమటాయిడ్ ఆర్థ్రైటిస్. మీ రోగనిరోధక వ్యవస్థే మీ కీలుపొరను శత్రువనుకుని దాడి చేస్తోంది. ఇప్పుడే మందులు మొదలుపెడితే అదుపులో ఉంటుంది. ఆలస్యమైతే వేళ్లు వంకరపోతాయి. సిగరెట్టు మానాలి."

ఆవిడ తన వేళ్లకేసి చూసుకుంది. ఇన్నేళ్లూ తలవెంట్రుకంత తీగల్ని అతికించింది ఆ వేళ్లే. అవి పోతే ఆవిడకి మిగిలేది నోరొక్కటే.

"సెన్సర్ సరిగ్గా కూర్చోలేదు. ఇంకోటి ఎక్కించు."

రెండోదీ అదే చెప్పింది. మూడోదీ అదే.

"ఈ బ్యాచ్ మొత్తం పాడైపోయినట్టుంది," అందావిడ.

దైవసహాయం వాడిన సూదులు ఏరి పళ్లెంలో పెట్టాడు. పొద్దున సత్తిబాబు నోట విన్న మాటే అది.

"నీ ఊరట మోడ్ పెట్టు," అంది కుముదవల్లి. "కమిటీ అడిగితే చెప్పాలిగా, అదెంత చెత్తగా ఉందో."

"పెడతానండి. కానీ మందులు మాత్రం ఇవాళే మొదలెట్టండి మేడం."

"ముందు పెట్టవయ్యా!"

అతను మీట నొక్కాడు. యంత్రం గొంతు మెత్తబడింది. "కంగారేం లేదమ్మా. చల్లగాలి తగిలినట్టుంది. ఈమధ్య వాతం చేసే కూరేమైనా తిన్నారా?"

కుముదవల్లి ఆలోచించింది. ఆదివారం గుత్తివంకాయ. మారు వడ్డించుకుంది కూడా.

"అదే అయ్యుంటుంది," అంది, అమ్మయ్య అనుకుంటూ. సిగరెట్టు తీసి పెదాల మధ్య పెట్టుకుంది. లైటర్ నొక్కడానికి వేలు వంగలేదు. దైవసహాయమే వెలిగించాల్సి వచ్చింది.

మర్నాడు ఊరట మోడ్ ప్రజలకెంత అవసరమో కమిటీకి ఆవిడే వివరించింది. లైసెన్సు దక్కింది. మందుల జోలికి మాత్రం పోలేదు. అప్పట్నుంచి రోజూ పొద్దున్నే, వంకరపోతున్న వేళ్లని వేణ్ణీళ్లలో ముంచుకుని కూర్చుని, ఆ మహా శాస్త్రవేత్త వంకాయని తిట్టేది.