అంచున నాలుగు వేళ్లు

ఫొటో ఉంది. ఫొటోలో ఒక ముక్క లేదు.

ఉదయం తొమ్మిదికి రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాలు తలుపు తీసిన గిరిబాబు అది చూసి కుర్చీలో కూలబడ్డాడు. ఆయన బ్యాంకు ఆఫీసరు, బిలాస్‌పూర్ తెలుగు సంఘం కార్యదర్శి. పదకొండింటికి ఫొటోల ఎగ్జిబిషన్ ప్రారంభం. నిన్ననే గుమ్మానికి రిబ్బన్ కట్టారు. పళ్లెంలో కత్తెర పెట్టారు. ముఖ్య అతిథి రాకముందే ఎవరో కత్తెరకు ప్రారంభోత్సవం చేసేశారు.

కబురందుకుని నాగభూషణం వచ్చాడు. రైల్వే రక్షణ దళం ఆర్పీఎఫ్‌లో ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాడు గానీ నోరు ఇంకా డ్యూటీ దిగలేదు.

"ఏటి గిరిబాబూ, మన సభల్లో కోతలు మైకు ముందుకొచ్చాక కదా మొదలయ్యేది? ఈసారి ముందే కానిచ్చేశారా?"

"మీ జోకులకో దండం సార్. ప్రవీణ్ మీద కంప్లైంటు రాస్తున్నాను."

ఫొటో కథ ఊరందరికీ తెలుసు. 1952లో లండన్ వారపత్రిక ఒకటి తన ఫొటోగ్రాఫర్ని ఇక్కడికి పంపింది. లోకో షెడ్డు వెనక బొగ్గు ఏరుకుంటున్న తొమ్మిదేళ్ల పిల్లను అతను ఫొటో తీశాడు. నెత్తిన తట్ట. మొహమంతా మసి. మసిలోంచి నవ్వు. ఆ నవ్వు పుస్తకాలకెక్కింది. పిల్ల పేరు మాత్రం ఎక్కలేదు. ఆమే చిన్నమ్మి. ఇప్పుడు ఎనభై రెండేళ్లు. రాజ్‌కిశోర్ నగర్‌లో మనవడు ప్రవీణ్ దగ్గర ఉంటోంది.

ఈసారి లండన్ నుంచి పాత నెగెటివ్‌లోని పూర్తి ఫొటో ఫైలుగా వచ్చింది. గిరిబాబు దాన్ని కిటికీ తలుపంత ప్రింటు వేయించి, క్లిప్పులతో వేలాడదీయించాడు. పక్కనే అద్దం కింద, చిన్నమ్మి ఇన్నాళ్లూ దాచుకున్న పత్రిక పేజీ.

"ప్రవీణ్ మీదే ఎందుకు అనుమానం?"

"నిన్న గొడవపడ్డాడు సార్. క్యాప్షన్ 'బొగ్గు పిల్ల, బిలాస్‌పూర్' అని ఉంది. మా మామ్మ పేరు రాయమన్నాడు. పత్రికలో ఉన్నట్టే ఉండాలన్నాను. అయితే చింపేస్తానన్నాడు. అందరూ విన్నారు."

గోడకానుకుని నిలబడ్డ ప్రవీణ్ ముందుకొచ్చాడు. అతనికి రైల్వేలో ఉద్యోగం వచ్చింది. పోలీస్ వెరిఫికేషన్ నడుస్తోంది. ఇప్పుడు కేసు పడితే అంతే.

"అన్నాను అంకుల్. గుస్సాలో అన్నాను. లేకిన్ ముట్టుకోలేదు, కసమ్."

"నలుగురి ముందూ కోతలు కోసినవాడు మళ్లీ వచ్చి నిజంగా కోస్తాడా గిరిబాబూ?"

"మరి ఫ్రేములు కట్టే శివాజీయా? వేలాడదీసింది అతనే." గిరిబాబు తలుపు దగ్గరున్న శివాజీని చూపించాడు.

"నా మీద పడకండి సార్! వేలాడదీసి అప్పుడే తెలిపారా బజారులో నా కొట్టుకి వెళ్లిపోయాను."

"సరే. నిన్ను ఎవరూ ఫ్రేము చేయరులే."

నాగభూషణం మోకాళ్ల మీద కూర్చున్నాడు. కోత ఎడమవైపు, కింద. కత్తెర చిన్నచిన్నగా, వణుకుతూ నడిచింది. ఒకచోట మాత్రం తిన్నగా పోలేదు. బొమ్మ లోపలికి వచ్చి, గుండ్రంగా తిరిగి, మళ్లీ వెనక్కి వెళ్లింది. ఫొటోలో పిల్లకి అటువైపు చెయ్యి మణికట్టు దగ్గర ఆగిపోయింది.

"ఇక్కడ ఏం ఉండేది?"

గిరిబాబు ఫోన్‌లో ఫైలు తెరిచాడు. నున్నగా గుండు, బొజ్జ. నాలుగేళ్ల పిల్లాడు. "ఎవడో గుంటడు సార్. క్యాప్షన్‌లో లేడు."

నాగభూషణం లేచి అద్దం కింది పేజీని చూశాడు. చాలాసేపు చూశాడు.

"నిన్న అందరూ టీకి వరండాలోకి వెళ్లినప్పుడు హాల్లో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. మామ్మగారు మోకాళ్లనొప్పులని కుర్చీలోనే ఉండిపోయారు. టీ అయ్యాక ఆమెను ఆటో ఎక్కించి, గోడవైపు చూడకుండానే తాళం వేసేశాం."

"అంటే ఉన్నారన్నమాట."

పదిన్నరకు ఆటో దిగి చిన్నమ్మి వచ్చింది. గంజి పెట్టిన చీర. చేతిలో గుడ్డసంచి. మనవడి మీద కంప్లైంటు సంగతి ఆమెకు తెలియదు. నాగభూషణం ఆమెను కూర్చోబెట్టి, మిగతావాళ్లను పేజీ దగ్గరికి పిలిచాడు.

"పాడుచేయాలనుకున్నవాడు నవ్వు మీద చింపుతాడు. నవ్వుకేం కాలేదు. పిల్లాడిని మాత్రం తీసుకెళ్లారు. తిన్నగా కోస్తే వాడి వేళ్లు తెగుతాయి. తెగకూడదని కత్తెర చుట్టూ తిరిగింది. వాణ్ణి పట్టుకున్న చేతిని కూడా వాడితోనే పంపేసింది. ఇప్పుడు ఈ పేజీ చూడండి. ఎడమ అంచు."

పిల్ల గుప్పిట్లో నాలుగు చిన్న వేళ్లు. అక్కడితో కాగితం అయిపోయింది.

లండన్‌లో ఎవరో ఎడిటరు టేబుల్ దగ్గర కూర్చుని, ఫొటో మీద పెన్సిలుతో గీత గీశాడు. గీతకు ఇవతల ఉన్న పిల్ల చరిత్రలోకి వెళ్లింది. అవతల ఉన్న పిల్లాడు చెత్తబుట్టలోకి వెళ్లాడు.

"అందరం ఈ నవ్వే చూశాం. వేళ్లు ఎవరివని ఒక్కరం అడగలేదు. పిన్నీ, తమ్ముడి పేరేటి?"

చిన్నమ్మి తలెత్తింది.

"సూర్యం." సంచి ఒళ్లోకి లాక్కుంది. "మాయమ్మ అడిగితే ఇద్దరి పొటో అంపుతానని ఆ దొర సెప్పినాడు బాబూ. షెడ్డు ఫోర్మను ఈ పేజీ తెచ్చిచ్చేతలికి సూర్యం లేడు. అమ్మోరు పోసి ఎల్లిపోనాడు. మాయమ్మ పేజీలో ఎతికింది. ఆడి సేతి ఏళ్లే ఉన్నాయి. మిగతా గుంటడు ఎనకాల ఉన్నాడేమోనని తిరగేసి సూసింది. ఎనకాల సబ్బు బొమ్మ. తాను పోయేదాకా తిరగేస్తానే ఉంది."

ప్రవీణ్ ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు. "నాకూ చెప్పలేదేంటి మామ్మా?"

"ఏటి సూపించి సెప్పను రా? నాలుగేళ్లు సూపించా?"

గిరిబాబు ఫోన్ చూపించాడు. "అడిగితే ఇంకోటి వేయించి ఇచ్చేవాణ్ణి కదా మామ్మగారూ. ఫైలు నా దగ్గరే ఉంది."

"అప్పుడు అడిగినాము గదా బాబూ. అడిగితే కోసి అంపినారు."

గిరిబాబు కంప్లైంటు కాగితం చించేశాడు. క్యాప్షన్ కూడా పీకి, వెనక్కి తిప్పి, పెన్ను ప్రవీణ్‌కి ఇచ్చాడు. "నువ్వే రాయి. ఇద్దరి పేర్లూ."

"తెలుగులో రాయడం నాకు రాదంకుల్."

నాగభూషణం తీసుకుని రాశాడు. చిన్నమ్మి, సూర్యం. అక్కాతమ్ముళ్లు.

చిన్నమ్మి సంచిలోంచి తువ్వాలు చుట్ట తీసి విప్పింది. కాగితం మీద సూర్యం. ఒక చెయ్యి అక్క గుప్పిట్లో ఉంది. రెండో చెయ్యి పైకెత్తి ఉంది. అవతలి అంచున ఆ చేతిని ఇంకెవరో పట్టుకున్నారు. రెండు గాజులు, ఒక చేతి వేళ్లు. అంతే.

"మాయమ్మ," అంది చిన్నమ్మి. గాజుల మీద వేలు పెట్టింది. "గిరిబాబూ, దీని పక్కన ఇంకా ఉంటాది గదా?"

గిరిబాబు ఫోన్‌లో ఫొటోను ఇటు జరిపాడు, అటు జరిపాడు. జరగలేదు.

"లేదు మామ్మగారూ. ఫిల్మ్ అక్కడితో అయిపోయింది."

ఆమె తలూపింది. తర్వాత ఆ ముక్కను మెల్లగా తిరగేసి, వెనకాల చూసింది.