మంచి చిప్

“మా ఆయన కనబడట్లేదు సార్.”

గుమ్మంలో నిలబడ్డావిడ చీర కుచ్చెళ్ళు మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాయి. హోప్ టౌన్ బోటు దిగి తిన్నగా పరుగెత్తుకొచ్చినట్టుంది. భాను గబగబా కుర్చీ జరిపి, కాయితం అందుకుంది.

“ఎప్పట్నుంచి కనబడట్లేదమ్మా?”

“చేపల వేటకెళ్ళి మూడేళ్ళయింది దీదీ. నిన్న సాయంత్రం నుంచి ఇందులో కూడా కనబడట్లేదు.” గుండెకి హత్తుకుని తెచ్చిన టాబ్‌ని ఆవిడ బల్ల మీద పెట్టింది. 

దీవుల మధ్య తిరిగే బోట్లు ఆగే ఫీనిక్స్ బే జెట్టీకి ఎదురుగా, వలలూ తాళ్ళూ అమ్మే దుకాణం మీది గదిలో ఉంటుంది ప్రైవేట్ డిటెక్టివ్ లోకనాథం ఆఫీసు. ఓడల్లో పోయిన సామాన్లు వెతికే గుమాస్తాగా పాతికేళ్ళు చేసి, ఆ పనే అలవాటై, మానలేక ఈ బోర్డు కట్టుకున్న మనిషి. పోయిన వస్తువు ఆయనకి కబురు పంపి మరీ దొరుకుతుందని అసిస్టెంట్ భాను నమ్మకం. ఆ నమ్మకం ఆయన ముందు ఎప్పుడూ అనదు, అంటే తలెక్కుతుందని భయం.

లోకనాథం వేయించిన బఠాణీల పొట్లం పక్కన పెట్టి, “మొదట్నుంచి చెప్పండి,” అన్నాడు.

ఆవిడ పేరు రాజకుమారి. భర్త నూకన్న. మూడేళ్ళ కింద వేట చివర్లో, ఒడ్డు దగ్గర సిగ్నల్ అందగానే పడవలోంచి నాలుగు నిమిషాల వీడియో పంపాడు. ఇంకొక్క వల వేసి వచ్చేస్తామన్నాడు. పడవ రాలేదు, మనిషి రాలేదు, ఒక్క చెక్కముక్క కూడా కొట్టుకురాలేదు. ఆ నాలుగు నిమిషాలనే రాజకుమారి మెమరీ కార్డులో పెట్టుకుని, ఈ టాబ్‌లో రోజూ చూసుకుంటోంది.

“ఇంకెక్కడా కాపీ లేదా?”

“పాత ఫోను పాడైపోయింది సార్. కాపీ ఉంచుకో దీదీ అని చక్రి చెప్తూనే ఉన్నాడు. ఆయన గొంతు ఇంకొకరి చేతిలో పెట్టబుద్ధి కాలేదు.”

చక్రికి జెట్టీ వెనక మొబైల్ రిపేరు షాపు. ఫోన్లూ టాబ్‌లూ పక్కపక్కన పెట్టి, ఏ ప్రాసెసర్ ఎంత వేగంగా పని చేస్తుందో చూపించే వీడియోలు కూడా తీస్తుంటాడు. రాజకుమారి టాబూ, ఆమె మరిది పైడిబాబు టాబూ ఒకే కంపెనీవి, ఒకే మోడల్. కానీ ఆ కంపెనీ అదే పేరుతో రెండు రకాల ప్రాసెసర్లు పెట్టి అమ్మిందట. పోటీ పెట్టి చూపిస్తానని చక్రి రెండిటినీ అడిగి తీసుకున్నాడు. నిన్న సాయంత్రం పైడిబాబు తెచ్చిచ్చేసరికి కార్డులో నూకన్న లేడు. అరవై రెండు పాత హిందీ పాటలున్నాయి.

“అనుమానం ఎవరి మీద?”

“మరిది మీదే. ఆ వీడియో నిన్ను తినేస్తోంది వదినా, ఏదో రోజు తీసుకెళ్ళి సముద్రంలో పారేస్తానని నా మొహం మీదే అన్నాడు.”

“మీ అత్తగారేమంటారు?”

రాజకుమారి మొహం బిగుసుకుంది. “అప్పలకొండమ్మగారితో నాకు మాటల్లేవు. ఏడాది తిరిగీ తిరగకుండానే కొడుక్కి పిండం పెట్టించింది. బతికున్నాడో లేడో తెలియని మనిషికి పిండమా సార్? ఆ రోజునుంచి నేను ఫెరార్గంజ్‌లో వాళ్ళింటి గడప తొక్కలేదు.”

లోకనాథం భూతద్దంతో టాబ్ అంచుని చూశాడు. కార్డు పెట్టే గాడి పక్కన సన్నటి రంధ్రం, దాని చుట్టూ రంగు లేచిపోయి కొత్త గీతలు.

“రాసుకో భానూ. ఎవరో లావుపాటి మొనతో పొడిచారు. రెండోది, దొంగ పట్టుకుపోతాడు గానీ బదులు పెట్టి పోడు. ఈ దొంగ పాటలిచ్చి వెళ్ళాడు.”

రాజకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఆ కార్డు దొరక్కపోతే, నాకింక ఆయన్ని చూసే దారి లేదు సార్.”

లోకనాథం బఠాణీల పొట్లం జేబులో వేసుకున్నాడు. కండువా తీసుకుని లేచాడు.

చక్రి వాళ్ళని చూడగానే రెండు చేతులూ ఎత్తేశాడు. “కసమ్ సే భయ్యా, కార్డు నేను ముట్టుకోలేదు! ప్రాసెసర్ టెస్టుకి కార్డుతో పనేంటి? మొన్న రాత్రంతా రెండు టాబ్‌లూ బీరువాలోనే ఉన్నాయి.”

“కార్డు బయటికి తియ్యడానికి ఏం వాడతావు?”

చక్రి మెళ్ళో తాడుకి వేలాడుతున్న సన్నటి పిన్ను చూపించాడు. దాని మొన ఆ రంధ్రం కంటే సన్నం. గీత పడే సమస్యే లేదు.

“నీ పోటీ వీడియో వెయ్యి.”

తెర మీద చక్రి గొంతు ఉరకలేసింది. “చూడండి ఫ్రెండ్స్, పేరొకటే, ఒళ్ళొకటే! కానీ మ్యాపు తెరవడానికి ఎడమ టాబ్‌కి నాలుగు సెకన్లు, కుడిదానికి పదకొండు. పెద్ద వీడియో పెడితే ఎడమది నీళ్ళలా పారుతోంది, కుడిది ఆగి ఆగి చస్తోంది. తేడా ఎక్కడుంది? అంతా చిప్ మహిమ! ఎడమదాంట్లో మంచి చిప్ ఉంది, కుడిదాంట్లో చెత్త చిప్ ఉంది!”

“ఎడమది ఎవరిది?”

“రాజకుమారి దీదీది. కుడిది పైడిబాబుది.”

“ఇది తీస్తుంటే షాపులో ఎవరెవరున్నారు?”

“పైడిబాబూ, వాళ్ళమ్మా. ఆవిడకి కళ్ళు చూపించడానికి వచ్చారు. వీడియో అవగానే నేను పార్సిల్ కోసం జెట్టీకి పరుగెత్తాను, పైడిబాబు టికెట్ల లైన్లో నిలబడ్డాడు. పది నిమిషాలు ముసలావిడే కాపలా. పాపం, టాబ్‌లో ఒక్క బొమ్మ నొక్కడం తప్ప ఆవిడకేమీ రాదు. తర్వాత పైడిబాబు వచ్చి, ఆవిడని ఫెరార్గంజ్ బస్సెక్కించి, రెండూ పట్టుకెళ్ళాడు.”

బయటికి రాగానే భాను, “పైడిబాబు హోప్ టౌన్ బోటులో అరగంట ఒంటరిగా ఉన్నాడు సార్,” అంది. కేసు సగం తేల్చేసినంత హుషారుగా ఉంది ఆమెకి. లోకనాథం బఠాణీ నములుతూ బస్సు వైపు నడిచాడు.

ఫెరార్గంజ్‌లో పైడిబాబు ఇంటి ముందు పవర్ టిల్లర్ విప్పి పెట్టుకుని కూర్చున్నాడు. ఐటీఐ చదివి ఇంజిన్లు బాగుచేసే మనిషి. వీళ్ళెవరో చెప్పీ చెప్పకముందే, “నేనెందుకు తీస్తాను?” అని కస్సుమన్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఇదేనని భాను కాయితం మీద పెద్ద గీత గీసింది.

“తీశారని ఎవరూ అనలేదే,” అన్నాడు లోకనాథం.

“వదిన ఏటి చెప్పుంటాదో నాకు తెలీదా? పారేస్తానన్నాను, అవును. పొద్దస్తమానం ఒడ్డుకేసి చూస్తా కూకుంటే మనిషేమవుతాది సార్? అన్నంత మాత్రాన చేసేస్తానా? ఆడు నా అన్న.”  పైడిబాబు పానా తీసి ఊరికే తుడవసాగాడు.

“ఒక్క మాట. ఈ చిప్ అనేది టాబ్‌లో ఎక్కడుంటుంది?”

“ప్రాసెసరేనా? లోపల బోర్డుకి అతికించుంటాది. దాన్నెవుడు పీకగలడు?”

అరుగు మీద ముసలావిడ ఒడిలో పైడిబాబు టాబ్ పెట్టుకుని కూర్చుని ఉంది. కళ్ళకి నల్లద్దాలు, చేతి గాజులకి నాలుగు పిన్నీసులు. తెర మీద ఎవరిదో పెళ్ళి ఊరేగింపు. పచ్చచొక్కా మనిషి ఒకడు డప్పుల మధ్య ఎగిరి గంతేశాడు, అక్కడే గాల్లో ఆగిపోయాడు. డప్పుల మోత తెగి తెగి వినిపిస్తోంది. ముసలావిడ టాబ్‌ని అరచేత్తో చరిచింది.

“ఇంకా ఆగతానే ఉందిరా పైడీ.”

లోకనాథం అరుగు మీద ఆవిడ పక్కనే కూర్చున్నాడు. “ఎవరమ్మా అది?”

“మా పెద్దోడు బాబూ. పైడిగాడి పెళ్ళిలో. ఎగురుతాడు గానీ దిగడు. మూడేళ్ళయింది, నా కొడుకు కాలు కిందెట్టగా సూడనేదు.”

భానుకి కళ్ళు చెమర్చాయి. ముసలావిడకి కనబడకుండా మొహం అటు తిప్పుకుంది. లోకనాథం లేచాడు. రేపు పొద్దున్న ఆ టాబ్‌తో సహా తల్లీకొడుకులిద్దరూ హోప్ టౌన్ రావాలని, కార్డు దొరికే మార్గం అదొక్కటేనని చెప్పాడు. కోడలి ఇంటికి అనగానే ముసలావిడ తల దించుకుంది. వెళ్ళనని మాత్రం అనలేదు.

తిరుగు బస్సులో భాను ఉండబట్టలేక, “పైడిబాబే కదా సార్?” అంది.

“భానూ, ఒక పని మొదటిసారి చూసినవాళ్ళు ‘ఆగుతోంది’ అంటారు. ‘ఇంకా ఆగుతోంది’ అని ఎప్పుడంటారు?”

భాను ఆలోచించింది. “బాగు చేశాక కూడా ఆగితే.”

 కాయితం తీసి, పైడిబాబు పేరు కొట్టేసింది.

మర్నాడు పొద్దున్న రాజకుమారి ఇంటి వరండాలో అందరూ చేరారు. ఎదురుగా హార్బరు నీళ్ళు తళతళలాడుతున్నాయి. అత్తాకోడళ్ళు చెరో మూలా కూర్చున్నారు, మధ్యలో ముక్కాలిపీట మీద రెండు టాబ్‌లు. చక్రి నించున్నాడు, పైడిబాబు స్తంభానికి ఆనుకున్నాడు.

“ఈ కార్డు తీసిన మనిషికి దొంగబుద్ధి లేదు,” లోకనాథం మొదలుపెట్టాడు. “ఉంటే ఖాళీ గాడి వదిలేవాడు. బదులు ఇంకో కార్డు పెట్టాడు. అంటే ఇది దొంగతనం కాదు, మార్పిడి. ఎందుకు మార్చుకోవాలనుకున్నాడు? చక్రీ, నీ వీడియోలో తేడా ఎందులో ఉందన్నావు?”

“చిప్‌లో భయ్యా. అంటే ప్రాసెసర్లో.”

“అందులో ప్రాసెసర్ అని నువ్వు ఒక్కసారి కూడా అనలేదు. చిప్, చిప్ అన్నావు. సరే, బజారుకెళ్ళి పాటలు ఎక్కించుకుని వచ్చే కార్డుని మనవాళ్ళు ఏమంటారు?”

చక్రి నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. “పాటల చిప్పు... యా ఖుదా!”

“నీకు తెలుసు, నువ్వు చెప్పిన చిప్ ఊడి వచ్చేది కాదని. పైడిబాబుకీ తెలుసు, నిన్న చెప్పాడు. చిప్ అంటే కార్డే అనుకునే మనిషి ఒక్కరే ఆ షాపులో ఉన్నారు. ఆ మనిషి దగ్గర నీ సన్నటి పిన్ను లేదు. పిన్నీసుంది. మంచి చిప్ పెట్టాక కూడా తన టాబ్ ఇంకా ఎందుకు ఆగుతోందో ఆ మనిషికి అర్థం కాలేదు.”

అందరి చూపూ ఒకే వైపు తిరిగింది. అప్పలకొండమ్మ గాజుల మీద చెయ్యి కప్పుకుంది.

“నానే తీసినాను బాబూ,” అంది. “మంచి సిప్పు ఇందులో ఎడితే నా కొడుకు కాలు కిందెడతాడనుకున్నాను. కోడలికి నా సిప్పు ఇచ్చీసినాను కదా, దానికి కాసింత ఆగి ఆగి వస్తాడు, అంతే కదా అనుకున్నాను. మొత్తం నేకుండా పోతాడని నాకేటి తెలుసు?”

“అడగొచ్చు కదా!” రాజకుమారి అరిచింది. రెండేళ్ళలో అత్తతో ఆమె అన్న మొదటి మాట అది.

“ఏ మొకం ఎట్టుకుని అడగనే?”

లోకనాథం చక్రికి సైగ చేశాడు. చక్రి తన పిన్నుతో ముసలావిడ టాబ్‌లోంచి కార్డు తీసి, రాజకుమారి టాబ్‌లో పెట్టాడు. తెర మీద నూకన్న పడవ చిన్న బొమ్మగా కనబడింది. రాజకుమారి రెండు చేతులతో టాబ్ లాక్కుంది.

“రెండ్రోజులూ నా ఒళ్ళోనే ఉన్నాడా?” అంది ముసలావిడ, ఎవరినీ చూడకుండా.

“నిన్న ఫెరార్గంజ్‌లోనే తీసేయొచ్చు కదా సార్,” భాను మెల్లిగా అడిగింది.

“అక్కడ తీస్తే కార్డు దొరికేది, ఆవిడ దొంగ అయ్యేది. కోడలికి సంగతంతా ఆవిడ నోటితోనే వినబడాలి.” అలాంటి మాటలు ఆయన అన్నప్పుడల్లా భానుకి తను రాసుకున్న కాయితాలన్నీ చించేసి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఈలోగా పైడిబాబు తన టాబ్ కడుపులో ఉన్న పెళ్ళి వీడియోని వదిన టాబ్‌లోకి పంపించాడు. మంచి ప్రాసెసర్ మీద డప్పులు తెగకుండా మోగాయి. పచ్చచొక్కా నూకన్న ఎగిరాడు, దిగాడు, మళ్ళీ ఎగిరాడు. ముసలావిడ “దిగినాడు, దిగినాడు,” అంటూ నల్లద్దాలు తీసేసి కళ్ళు తుడుచుకుంది.

తర్వాత ఆశగా కోడలికేసి చూసింది. “ఆ రెండోది కూడా ఒక్కసారి సూపించవే. ఆకర్రోజుది.”

రాజకుమారి వేలు తెర మీద ఆగిపోయింది. ఆమె మొహంలో కోపం పోయి, భయం వచ్చింది. ఇన్నాళ్ళూ ఆ వీడియో ఎవరికీ ఎందుకు చూపలేదో భానుకి అప్పుడు లీలగా తట్టింది. చివరికి రాజకుమారి కళ్ళు మూసుకుని నొక్కింది.

ఇంజిను చప్పుడు. ఎండ. చేయంత పొడవు కోనాం చేపని రెండు చేతులతో ఎత్తిపట్టుకుని నూకన్న నవ్వుతున్నాడు. “రాజీ, సూసినావా? ఇది అమ్మకి. ఫెరార్గంజ్ కబురెట్టు, సాయంత్రానికి వచ్చేమను. ఇంకొక్క వల ఏసి వచ్చెస్తాం. తలకాయ అమ్మకేనే, నువ్వు కన్నేసినావంటే ఊరుకోను!”

 రాజకుమారి టాబ్ పక్కన పెట్టి, అత్త కాళ్ళ దగ్గర నేల మీద కూలబడింది.

“మీకు పంపిన కబురు అత్తా అది. ఆయన వచ్చాక చెబుదామని ఆగాను, తర్వాత మీరు పిండం పెట్టారని కోపంతో చెప్పలేదు. మూడేళ్ళు దాచేశాను. దొంగని నేను.”

అప్పలకొండమ్మ హార్బరు వైపు ఒకసారి చూసింది. తర్వాత వంగి, కోడలి జుట్టు చెవి వెనక్కి దోపింది.

“పిచ్చిముండా,” అంది. “ఆడు తెచ్చుంటే ఆ తలకాయ నీ కంచంలోనే ఏసుందును.”