గోడ వైపు

పంక్చర్ షాపులో చిన్నోడికి ఒక అలవాటు ఉండేది. గాలి కొట్టాక బొటనవేలు నాలుకతో తడిపి ట్యూబు మూతి మీద ఆనించి చూసేవాడు. బుడగ వస్తే గాలి పోతున్నట్టు. రాకపోతే పని అయినట్టు. "ఉమ్మితో బండ్లు నడిపిస్తున్నావు కదరా," అని వాళ్ళన్న పెద్దోడు ఏడిపించేవాడు.

ఆ పెద్దోడు యుద్ధంలో పోయాడు. కందకం కూలి, తోటివాళ్ళందరితో పాటు మట్టి కింద ఊపిరాడక. శవం కూడా దొరకలేదు. ఇనప్పెట్టెలో ఒక యూనిఫాం మాత్రం ఇంటికొచ్చింది. తల్లి దాన్ని ఒళ్ళో పెట్టుకుని, గుమ్మంలో నిలబడ్డ రెండో కొడుకుని ఎగాదిగా చూసింది.

"పోవాల్సినవాళ్ళు పోరు కదా," అంది. తలుపు దగ్గరికి వెయ్యమన్నంత మామూలుగా.

చౌరస్తాలో అమరవీరుడికి కంచు విగ్రహం పెడదామన్నారు. దొరికిన ఫొటో వేలిగోరంత. శిల్పి తల గోక్కున్నాడు. "మొహం కావాలమ్మా. దీంతో నేనేం చెయ్యను?"

"మొహానికేం, ఉందిగా." తల్లి చిన్నోణ్ణి ముందుకి తోసింది. "ఇద్దరివీ ఒకే పోలికలు. వీడి మీసం గీసేస్తే సరి."

చిన్నోడు కాదనలేదు. అన్నంటే వాడికీ ప్రాణమే. పైగా ఆ విగ్రహాన్ని చూసినప్పుడల్లా అమ్మకి తన మొహం కూడా కాస్త కనబడుతుందేమోనని లోపల్లోపల ఆశ.

మధ్యాహ్నం. శిల్పి షెడ్డు రేకుల మీద వాన. తడి సున్నం వాసన, మైనం వాసన. అన్న యూనిఫాం తొడుక్కుని చిన్నోడు బల్ల మీద వెల్లకిలా పడుకున్నాడు. శిల్పి వాడి మొహానికి నూనె పట్టించి, ముక్కుల్లో రెండు సన్నటి గొట్టాలు పెట్టాడు.

"కళ్ళు మూసుకో బాబూ. తెరిచావంటే చూపు పోతుంది. ఊపిరాడకపోతే చెయ్యెత్తు, వెంటనే తీసేస్తా."

"ఎత్తడులెండి," అంది తల్లి, స్టూలు లాక్కుని పక్కనే కూర్చుంటూ. ఆమెకి పొడిదగ్గు. పెద్దోడి కబురు వచ్చినప్పుడు పట్టుకుంది, ఇక వదల్లేదు. మాటకోసారి ఖళ్ళు ఖళ్ళు.

ప్లాస్టర్ చల్లగా గడ్డం మీద పడింది. తర్వాత పెదాలు. బుగ్గలు. రెప్పలు. వాన ఎక్కడికో దూరంగా వెళ్ళిపోయింది. చీకటి... బరువు. మెల్లగా ప్లాస్టర్ వేడెక్కసాగింది. ఇంకొకరి చర్మం వచ్చి తన మొహానికి అతుక్కున్నట్టు.

శిల్పి చేతులు కడుక్కోవడానికి బయటికి వెళ్ళాడు. అడుగుల చప్పుడు ఆగిపోయింది. గొట్టాల్లో ఈల మిగిలింది. లోపలికి... బయటికి. చిల్లుపడ్డ ట్యూబు చప్పుడే. చిన్నోడికి నవ్వొచ్చింది. నవ్వు ఆపుకోవడానికి ఊపిరి బిగబట్టాడు.

ఈల ఆగలేదు.

లోపలికి... బయటికి...

చెయ్యెత్తాడు. ఎముకలు తేలిన వేళ్ళు దాన్ని పట్టుకుని కిందికి అదిమేశాయి. అమ్మ వేళ్ళు.

"కదిలావంటే చంపేస్తా," నోరు ప్లాస్టర్‌కి ఆనించి గొణిగింది. "వాడు మట్టి కింద ఎంతసేపు పడున్నాడో. నీకేం రోగం?"

రెండో చెయ్యి ఎత్తబోయాడు. ఆమె మోచెయ్యి వాడి గుండెల మీద దిగింది.

అప్పుడు... మూసిన రెప్పల మీద, ప్లాస్టర్ తప్ప ఇంకేమీ పట్టని చోట... వెచ్చగా ఊపిరి తగిలింది. తడిమట్టి కంపు.

"జరగరా."

చిన్నప్పుడు ఇద్దరికీ ఒకటే మంచం. పెద్దోడు ఎప్పుడో వచ్చి మోకాలితో పొడిచి ఆ మాటే అనేవాడు. చిన్నోడు నిద్రలోనే గోడ వైపు జరిగేవాడు. ఎన్నేళ్ళ అలవాటో.

జరిగాడు.

"వచ్చేసింది, వచ్చేసింది," శిల్పి గొంతు. అచ్చు దబ్బున ఊడి పైకి లేచింది. వెలుతురు... కింద ఉంది. కింద బల్ల మీద తన ఒళ్ళు లేచి కూర్చుని మెడ విరుచుకుంటోంది. చిన్నోడు శిల్పి చేతుల్లో ఉన్నాడు. అచ్చులో.

శిల్పి దాంట్లోకి తొంగిచూశాడు. "ఇదేంటి బాబూ... కళ్ళు తెరిచావా?"

బల్ల మీదున్నవాడు నవ్వాడు. తల్లి వాడి బుగ్గల మీది నూనె తువ్వాలుతో తుడుస్తూ, శిల్పికి వినబడకుండా అడిగింది.

"వచ్చావా, పెద్దోడా."

కంచు పోశారు. ఆ మంట సంగతి చెప్పడానికి చిన్నోడికి నోరు లేదు. విగ్రహం లోపలంతా డొల్ల. ముక్కు దగ్గర రెండు సన్నటి చిల్లులు మిగిలాయి.

తెర తీసిన రోజు చౌరస్తా అంతా ఏడ్చింది. ఎవరెవరి తల్లులో వచ్చి కంచు బూట్లు పట్టుకుని, తిరిగిరాని తమ పిల్లల్ని పేరుపేరునా పిలుచుకున్నారు. వాళ్ళ చేతులు వెచ్చగా ఉన్నాయి. ఆ పేర్లలో తన పేరు లేదు. అందరూ పోయినవాడి కోసం కుమిలిపోతుంటే, పోయినవాడు మొదటి వరసలో చిన్నోడి చొక్కా వేసుకుని చప్పట్లు కొడుతున్నాడు.

"తమ్ముణ్ణి చూస్తే అచ్చం అన్నే!" అంది ఒకావిడ.

"అవును మరి," అంది తల్లి.

వాన అందుకుంది. జనం చెదిరిపోయారు. నీళ్ళు కంచు నుదుటి మీంచి జారి ముక్కు చిల్లుల దగ్గర నిలిచాయి. ఒక బుడగ... ఇంకొకటి.

తల్లి చూసింది. గొడుగుతో పెద్దోణ్ణి కిందే నిలబెట్టి, తాను దిమ్మె ఎక్కింది. సంచిలోంచి మైనం ముద్ద తీసింది. ముందే తెచ్చుకుంది!

"పోయావుగా, పోయినట్టుండు," అంది దగ్గుతూ. "మా బతుకు మమ్మల్ని బతకనీ."

ఒక చిల్లు పూడ్చేసింది. రెండోదాని కోసం మీదికి వంగితే ఆమె చెంప కంచు చెంపకి ఆనింది. ఊహ తెలిశాక అమ్మ తనని ఇంత దగ్గరికి తీసుకోవడం ఇదే మొదటిసారి.

"అమ్మా... కాస్త జరుగు."

దగ్గు ఆగిపోయింది.

ఆమె మెల్లగా దిమ్మె దిగింది. పెద్దోడు గొడుగు ఆమె మీదికి వంచాడు. ఇద్దరూ నడిచారు. వెనక వానలో, కంచు లోపల్నించి సన్నగా... ఖళ్ళు... ఖళ్ళు.

నాలుగడుగులు వేశాక ఆమె బొటనవేలు నాలుకతో తడిపి ముక్కు కింద పెట్టుకుంది. గాలి చల్లగా తగిలింది.

పెద్దోడు తల తిప్పలేదు. భుజం చుట్టూ చెయ్యి వేసి దగ్గరికి లాక్కుని, చెవిలో అన్నాడు.

"రాత్రికి గోడ వైపు జరిగి పడుకోరా, చిన్నోడా. కందకంలో వాళ్ళు ఇంకా దారిలో ఉన్నారు."