తలగడ మీది పుర్రె

మిట్టమధ్యాహ్నం... నేపుల్స్‌లో ప్రేతాత్మలు సంచరించే వేళ! మార్తాండుడు నడినెత్తిన నిప్పులు కురిపిస్తున్నాడు. మా సందులో కిటికీలన్నీ మూతపడ్డాయి. కుక్కలు కూడా నీడ వదలడం లేదు. నిర్మలాకాశంలో ఎక్కడో ఒక్క ఉరుము ఉరిమింది...

ఆ భయానక నిశ్శబ్దంలో, మా సందులోని ఫిలొమేన అద్దెకిచ్చే మేడగదిలో, లుడోల్ఫ్ బొగ్గుతో మంత్రవలయం గీస్తున్నాడు.

ఈ మహాశయుడు ఏటా వసంతంలో వియన్నా నుంచి ఊడిపడతాడు. ఇరవై రెండేళ్లుగా అదే గది, అదే కిటికీ, అదే నిట్టూర్పు. "నా నేపుల్స్" అంటాడు, తాతగారు రాసిచ్చినట్టు! యుద్ధం రోజుల్లో మాత్రం పత్తా లేడు. మేం శిథిలాల్లో మా పిల్లల్ని వెతుక్కున్నాక తీరిగ్గా వచ్చి, "అయ్యో, ఆ మూల నిమ్మరసం కొట్టు ఏమైంది?" అని అడిగాడు. అదీ ఆయనగారి ప్రేమ.

ఇప్పుడు డెబ్బై దాటాయి. మళ్లీ రాగలనన్న ఆశ లేదు. అందుకే ఈసారి ఊరినే వెంట తీసుకుపోదామనుకున్నాడు! ఇక్కడ పుట్టిన కన్య ప్రాణాన్ని ఒక కపాలంలో బంధించి పట్టుకుపోతే, ఈ నగరం తన ఇంట్లోనే ఊపిరి పీలుస్తుందట. అతని నల్లపుస్తకం అలా చెప్పింది. కన్య ఎవరంటారా? రోజూ కాఫీ తెచ్చిచ్చే ఎర్సిలియా... ఫిలొమేన మనవరాలు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే.

కపాలాన్ని ఆ ఉదయమే కొండగుహలోంచి దొంగిలించాడు. అక్కడ మహమ్మారి నాటి అనాథ పుర్రెలు వేలకు వేలు. పాపాలు కడిగే అగ్నిలో దాహంతో అలమటించే ఆత్మలవి. మా ఆడవాళ్లు తలా ఒకదాన్ని దత్తత తీసుకుని, సోమవారం సోమవారం చన్నీళ్లతో తుడిచి, తలగడ వేసి, ప్రార్థన చేస్తారు. దిక్కులేనివి దుమ్ములో పడి ఉంటాయి. వాటిలో ఏది తీసుకున్నా వాడికి ఊడిగం చేసేదే. కానీ యాత్రికుడి కన్ను కదా! నున్నగా మెరుస్తూ, కుట్టుపువ్వుల తలగడ మీద ఉన్నదాన్ని ఎంచుకున్నాడు. పైమెరుగు తప్ప ఏనాడు ఏం చూశాడు గనక?

ఎర్సిలియా కాఫీతో వలయంలో అడుగుపెట్టింది. కప్పు భళ్లున పగిలింది. ఆమె కనుగుడ్లు తేలిపోయాయి... కేశపాశం సర్పాల్లా లేచింది... ఊపిరి తెల్లని పొగై కపాలం నేత్రకుహరాల్లోకి ప్రవహించసాగింది!

ఆమె కేకకు ఫిలొమేన నీళ్లకూజాతోనే మెట్లెక్కి వచ్చింది.

"ఏం చేస్తున్నారు దొరగారూ?"

"అక్కడే ఆగు ముసలిదానా. అడుగేస్తే పిల్ల చస్తుంది. ఈ కపాలం నా బానిస."

ఫిలొమేన పుర్రెను చూసింది. చూసి, కూజా కిందపెట్టి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"బానిసా? యుద్ధానికని రష్యా మంచులోకి పోయిన నా కొడుకు తిరిగి రాకపోతే, పదకొండేళ్లుగా దీన్ని నా రఫాయేలె అనుకుని సాకుతున్నా. ఇరవై రెండేళ్లు నా చేతి ముద్ద తిన్నావు. సోమవారం నేనెక్కడికి పోతున్నానో ఒక్కనాడైనా అడిగావా?"

లుడోల్ఫ్ గబగబా జపం అందుకున్నాడు. మంత్రం తడబడింది.

ఆమె కూజా ఎత్తి, గీత దాటకుండానే చెయ్యి చాచి పుర్రె మీద నీళ్లన్నీ ఒంపింది. "రఫాయేలె, నాయనా... అది నీ కూతురురా. వదిలెయ్."

కపాలానికి చెమట పట్టింది! అది తనంతట తానే కిర్రుమంటూ లుడోల్ఫ్ వైపు తిరిగింది. తెల్లని ఊపిరి వెనక్కి మళ్లి ఎర్సిలియా ఛాతీలో చేరింది. పిల్ల దగ్గింది, ఏడ్చింది, నానమ్మను కౌగిలించుకుంది.

మరుక్షణం లుడోల్ఫ్ కంఠంలో ప్రళయాగ్ని రగిలింది... శతాబ్దాల ప్రేతదాహమంతా ఒక్కసారిగా అతణ్ణి ఆవహించింది!

"నీళ్లు... నీళ్లు..."

కూజా లాక్కున్నాడు. ఖాళీ. నేల నాకబోతే తడి ఆవిరైపోయింది. చర్మం ముడుచుకుంది, మాంసం ఎండి రాలింది, చివరికి ఒక పుర్రె, గుప్పెడు ఎముకలు మిగిలాయి.

ఫిలొమేన కొడుకును తుడిచి మళ్లీ తలగడ మీద పెట్టుకుంది. దొరగారి పుర్రెనూ ఆ గుహలోనే చివరి వరసలో పడేశాం. ఇక ఏటా వచ్చే శ్రమ లేదు, తన నేపుల్స్‌లోనే ఉండొచ్చు.

సోమవారాల్లో ఆ మూల నుంచి "నీళ్లు" అని సన్నగా వినిపిస్తుంది. ఎర్సిలియా నిండుకూజాతో దాని ముందునుంచే తండ్రి దగ్గరికి నడిచిపోతుంది. ఇంతవరకూ ఒక్కసారీ ఆగలేదు.