బొంగరం బండిలో కాబోయే అత్తగారు

పిల్లలు దాన్ని బొంగరం బండి అనేవారు. పట్టాల మీద పరిగెడుతూనే ఒక్కో బండీ తన చుట్టూ తాను గిరగిరా తిరిగే రోలర్ కోస్టర్ అది. ఈ నెలలో దాన్ని విప్పేస్తున్నారని విన్నప్పటి నుంచి పాత ఆపరేటర్‌కి ఏ పనీ తోచడం లేదు. అతను తొలి ఉద్యోగం చేసిందీ, ప్రేమలో పడిందీ, పదిమందిలో నోరు జారిందీ అక్కడే మరి.

ఇరవై రెండేళ్ల కిందట, ఫొటో కౌంటర్‌లో కొత్తగా చేరిన అమ్మాయి మూడో రోజే అతని మీదికి గొడవకు వచ్చింది. మలుపు దగ్గర కెమెరా తీసే ఫొటోలు అమ్మడం ఆమె పని.

"మీ బండి తిరిగే తిరుగుడికి నాకన్నీ వీపులే వస్తున్నాయి. సొంత వీపు ఫొటో ఎవరు కొనుక్కుంటారండీ?"

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆ మర్నాటి నుంచి అతను మనుషుల్ని చూపుతోనే తూకం వేసి, సీటుకి కుడి ఎడమలు సమంగా ఉండేట్టు కూర్చోబెట్టసాగాడు. బరువు సరిపోతే బండి నెమ్మదిగా తిరుగుతుంది. కౌంటర్‌లోకి ముఖాలు రావడం మొదలైంది. అతని చేతికి టీ రావడం కూడా.

"నా బరువెంతో చెప్పండి చూద్దాం," అని ఒకరోజు ఏడిపించింది.

"ఆ మాట చెప్పి బతికి బట్టకట్టినవాడు లేడు," అన్నాడు.

ఆ వానాకాలమంతా హాయిగా గడిచింది. పెళ్లి మాటెత్తేసరికి మాత్రం ఆమె గొంతు తగ్గింది. అమ్మ ఒప్పుకుంటేనే అంది. అమ్మ కాదంటే ఇక లేదంది.

ఒక ఆదివారం క్యూలో ఒక పెద్దావిడ, పక్కన పుల్లలాంటి తమ్ముడు, వాళ్ల వెనక ఇద్దరు పిల్లలు. ఆపరేటర్ అలవాటు కొద్దీ ఎగాదిగా చూశాడు.

"అమ్మా, ఎనభై అయిదు కిలోలకి తక్కువుండరు. మీరొక్కరే ఇటు. ఆయనా, ఈ పిల్లలిద్దరూ అటు."

క్యూ అంతా గొల్లుమంది. ఆవిడ ముఖం కందగడ్డయింది. బండి దిగి నేరుగా ఫొటో కౌంటర్‌కి వెళ్లి అమ్మాయి పక్కన నిలబడింది. అప్పుడు తెలిసింది అతనికి, తాను తూకం వేసింది ఎవరినో. అమ్మ వస్తోందని ముందే చెబితే నటిస్తాడని అమ్మాయి చెప్పలేదట.

డ్యూటీ దిగాక కాళ్లీడ్చుకుంటూ కౌంటర్‌కి వెళ్లాడు. అమ్మాయి కళ్లలో నీళ్లున్నాయి.

"నేను అంత లావుగా ఉన్నానా, బాబూ?" అని అడిగింది ఆవిడ.

లేదండీ అనడానికి ఒక్క క్షణం చాలు. కానీ అబద్ధమాడటానికి అతనికి నోరు రాలేదు.

"ఉన్నారండీ. కానీ క్యూలోనే మీరు కమ్మీని గట్టిగా పట్టుకున్నారు. భయపడుతున్నారనిపించింది. మీ తమ్ముడి పక్కనే కూర్చోబెడితే బండి మరీ తిరిగిపోయేది."

ఆవిడ కూతురి వైపు తిరిగింది.

"ఏడుపు ఆపి, ఇతన్ని రేపు భోజనానికి రమ్మను. మీ నాన్న పాతికేళ్లుగా నేను సన్నగా ఉన్నాననే అంటున్నారు. ఇంట్లో నిజం చెప్పేవాడు ఒక్కడైనా ఉండాలి కదా."