డెబ్బై ఏడో నంబరు

ఆదివారం మధ్యాహ్నం. ఆఫీసులో నేనొక్కడినే ఉన్నాను. సర్వర్ గదిలో ఏసీ ఎప్పటిలాగే ఎముకలు కొరికేస్తోంది. అన్నయ్య స్వెటర్ మూడు నెలలుగా కుర్చీకే వేలాడుతోంది, ఎవరూ తీయలేదు. తీసి వేసుకున్నాను. తను ఎప్పుడూ నమిలే లవంగాల వాసన ఇంకా పోలేదు. ఏడుపొస్తుందేమోనని కాసేపు ఆగి చూశాను. రాలేదు. ఈ మధ్య నాకు ఏదీ రావడం లేదు.

ఇద్దరం ఇక్కడే పనిచేసేవాళ్ళం. తను పోయాక తన కంప్యూటర్‌ని మక్కీకి మక్కీ కాపీ చేసి వర్చువల్ మెషిన్‌గా ఉంచారు. అంటే, సర్వర్ లోపల బతికే ఇంకో కంప్యూటర్ అన్నమాట. రేపు పొద్దున దాన్ని చెరిపేస్తామని మేనేజర్ చెప్పేశాడు. అన్నయ్య సరదాగా పాడుకుని రికార్డు చేసుకున్న పాటలన్నీ అందులోనే ఉన్నాయి.

"వాడి గొంతు ఒక్కసారి వినిపించరా," అంటుంది అమ్మ, రోజూ కంచం ముందు కూర్చుని. తినదు.

ఆ పాటలు బయటికి తేవాలంటే కాపీని నెట్‌వర్క్‌లో కలపాలి. చిక్కల్లా నంబరు దగ్గరే. ప్రతి మెషిన్‌కీ ఒక నంబరుంటుంది. అన్నయ్యది డెబ్బై ఏడు. తను పోయాక దాన్ని నా ల్యాప్‌టాప్‌కి ఇచ్చారు. కాపీలో మాత్రం పాతదే ఉండిపోయింది. ఒకే నంబరు ఇద్దరికుంటే ఒకరు బయట పడాల్సిందే.

"ముందు వైరు పీకు, తర్వాత నంబరు మార్చు, ఆ తర్వాతే వైరు పెట్టు. తిరగేశావంటే వీపు విమానం మోత మోగుతుంది," అని అన్నయ్య వందసార్లు చెప్పి ఉంటాడు.

వర్చువల్ మెషిన్‌కి నిజం వైరుండదు. సెట్టింగ్స్‌లో 'కనెక్టెడ్' అని ఒక గడి, అంతే. నంబరు మార్చకుండానే నేను అందులో టిక్కు పెట్టేశాను. ఎందుకు పెట్టానో తెలియదు. చెయ్యి పెట్టింది, నేను చూస్తూ కూర్చున్నాను.

నా ల్యాప్‌టాప్ మీద చిన్న డబ్బా తెరుచుకుంది. 'ఈ నంబరును మరో మెషిన్ వాడుతోంది.'

నా నెట్ పోయింది. కాపీ మాత్రం నిక్షేపంగా పనిచేస్తోంది. టిక్కు తీయబోయాను. రాలేదు. మళ్ళీ నొక్కాను... రాలేదు.

అప్పుడు గమనించాను. ఫ్యాన్ల రొద లేదు. చలి లేదు. స్వెటర్ కాలర్ ముక్కుకి ఆనించుకున్నాను. లవంగం వాసన లేదు... అసలు ఏ వాసనా లేదు. భయపడాలని తెలుస్తూనే ఉంది, భయం మాత్రం ఎక్కడో దూరంగా ఉంది.

ఫోన్ తీసి ఇంటికి చేశాను.

"అమ్మా."

అవతల కంచం పక్కకి జరిపిన చప్పుడు.

"ఎవరు?"

"నేనమ్మా. చిన్నాణ్ణి."

గుసగుసగా అంది.

"ఎవరు బాబూ నువ్వు? మా చిన్నాడు పోయి మూడు నెలలైంది."

"పోయింది అన్నయ్య కదమ్మా..."

"పెద్దాడు ఇందాకే ఆఫీసుకెళ్ళాడు. తమ్ముడి గొంతు తెచ్చిపెడతానని... అచ్చం వాడి గొంతే... ఎవరివైతేనేం. ఇంకొక్కసారి అమ్మా అను బాబూ."

అనాలని నోరు తెరిచాను.

మౌస్ మీద నా చెయ్యి లేదు. తెర మీద బాణం గుర్తు కదిలింది. మెల్లగా, తొందర లేకుండా... 'కనెక్టెడ్' గడి దగ్గరికెళ్ళి ఆగింది. టిక్కు పోయింది.

ఫోన్ మూగబోయింది.

ముందు వైరు. అన్నయ్య ఎప్పుడూ పద్ధతి తప్పడు. ఇప్పుడు నంబరు చెరుగుతోంది. ఒక ఏడు పోయింది... రెండో ఏడు పోయింది.

ఖాళీ గడిలో గీత ఒకటి వెలుగుతూ ఆరుతూ ఉంది. కొత్త నంబరు ఇంకా వెయ్యలేదు.