మూడో పిలుపు దాకా

వనపర్తిలో కాంతమ్మ ఇంటి మీది గదిలో నవ్య ఒక్కతే ఉంటుంది. ఇంటి నుంచే కంప్యూటర్ పని. పొద్దున కూర్చుంటే పొద్దుగూకేదాకా పలకరించే మనిషి ఉండదు.

వాళ్ళమ్మ అలివేలమ్మకు రాత రాదు. పుణెలో బిల్డింగు పనికి పోయినన్నాళ్ళూ ఫోన్లో మాటలు నింపి, వాయిస్ మెసేజ్‌లుగా పంపేది. నాలుగు నెలల కింద అక్కడే పోయింది. ఆ రోజు రెండుసార్లు ఫోన్ చేసింది. పనిలో ఉండి నవ్య ఎత్తలేదు. చివరికి ఒక మాట నింపి పంపింది. అది వినకముందే చావు కబురొచ్చింది. చేతిలోంచి జారిన ఫోను నీళ్ళ బకెట్లో పడింది.

మాటలన్నీ దాచిన డేటాబేస్ ఫైలు మాత్రం క్లౌడ్‌లో మిగిలింది. ఫోన్లోవన్నీ కలిసి కొండంత ఫైలు, గదిలో నెట్టు అంతంతే. అందుకే నవ్య రస్ట్ అనే కంప్యూటర్ భాషలో ఒక లైబ్రరీ, అంటే చిన్న ప్రోగ్రాం, రాసుకుంది. మూట దించకుండానే పిడికెడు గింజలు తీసినట్టు, అది కావలసిన ముక్కనే క్లౌడ్ నుంచి చదువుతుంది. చదవడమే. ఫైల్లో కొత్తగా ఏమీ రాయడం దానికి చేతకాదు.

దీపాల వేళ వాన మొదలైంది. కాంతమ్మ చాయ్ తెచ్చింది.

"ఏందే పిల్లా, ఆ డబ్బనే పెండ్లి చేస్కుంటవా?"

"ఇయ్యాల అమ్మ గొంతు దొరుకుతది పెద్దమ్మా."

కాంతమ్మ నవ్వు ఆగిపోయింది. "జర పైలం బిడ్డా. గీ యాళ్ళ ఎవరన్న పేరు పెట్టి పిలిస్తే మూడోసారికే పలకాలె, దయ్యం మూడోసారి పిలువదు. గడియ పెట్టుకో."

ఆమె దిగిపోయాక నవ్య గడియ పెట్టుకుని ప్రోగ్రాం నడిపింది.

తెర మీద లెక్క వచ్చింది. అమ్మవి ఎనభై ఆరు మాటలు. చివరిది తెరిచింది. సిమెంటు కలిపే మిషన్ మోత, ఆ మోతలో అమ్మ.

"పనిల ఉన్నట్టున్నవ్ బిడ్డా. మల్ల పిలుస్త. గప్పుడన్న పలుకు."

నవ్య వెక్కి వెక్కి ఏడ్చింది. ఇంకొక్కసారి విందామని మళ్ళీ నడిపింది.

ఎనభై ఏడు.

తేదీ... ఈ రోజుది.

గదిలో తడి సిమెంటు వాసన. మాట తెరిస్తే వాన చప్పుడు... బయట కురుస్తున్న ఈ వానే.

"నవ్యా..."

నాలుగు నెలలుగా గొంతులో అడ్డం పడ్డ మాట జారిపోయింది.

"ఆ... అమ్మా!"

అన్నాక గుర్తొచ్చింది. పిలిచింది ఒక్కసారే...

చెవులు రిక్కించింది. రెండో పిలుపు రాలేదు.

తెర మీద లెక్క దానంతటదే మారింది. ఎనభై ఎనిమిది.

దాన్ని నొక్కింది. అందులో అమ్మ లేదు.

"ఆ... అమ్మా!"

తన గొంతే. దాని వెనకే తలుపు దాకా నాలుగడుగుల చప్పుడు... గడియ తీసిన చప్పుడు.

నవ్య కూర్చున్న చోటు నుంచే తలుపు వైపు చూసింది.

గడియ ఇంకా పెట్టే ఉంది.